గ్రీన్‌హౌస్ లోపల నేలలోకి దించిన కొలను: లోతు ఎంత, వేడి ఎంత, తామర ఎక్కడ?

అరోరా_పెరడు (ఫిబ్రవరి 9)

సభ్యులకు నమస్కారం. మేము షికాగోకు పడమట ఉన్న అరోరాలో ఉంటున్నాము. నిరుడు వేసవిలో పెరట్లో 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు గల గ్రీన్‌హౌస్ నిలబెట్టుకున్నాము. గోడలకూ కప్పుకూ 8 మిల్లీమీటర్ల మందం గల రెండు పొరల పాలీకార్బొనేట్ రేకులు వాడాము. లోపల రెండు కరివేపాకు చెట్లు, మల్లె తొట్లు, ఒక నిమ్మ చెట్టు ఉన్నాయి.

ఇప్పుడు ఉత్తరపు గోడ వారగా 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతుతో నేలలోకి దించిన కొలను ఒకటి కట్టాలని ఆలోచిస్తున్నాము. దాని వల్ల మూడు పనులు జరగాలని మా ఆశ: చలికాలంలో కూడా పూజకు తామరలు పూయాలి, నాలుగు గోల్డ్‌ఫిష్‌లు పెరగాలి, పగలు ఎండకు వేడెక్కిన నీరు రాత్రి ఆ వేడిని వదిలి కరివేపాకును కాపాడాలి. లోతును ఐదు అడుగులకు పెంచితే వేడి రెట్టింపు నిలుస్తుందని ఒక మిత్రుడు అంటున్నారు. తవ్వకం మొదలుపెట్టకముందే అనుభవజ్ఞుల అభిప్రాయం తెలుసుకోవాలని రాస్తున్నాను.

కొలతబద్ద (ఫిబ్రవరి 9)

మీ మిత్రుడు చెప్పినది సగం నిజం. నిలిచే వేడి రెట్టింపవుతుంది గానీ గదికి అందే వేడి రెట్టింపు కాదు. కొంచెం ఓపికగా లెక్క చూద్దాం.

మీరు చెప్పిన కొలతలకు కొలనులో 100 ఘనపుటడుగుల నీరు పడుతుంది, అంటే సుమారు 2,830 లీటర్లు. ఒక లీటరు నీరు ఒక సెల్సియస్ డిగ్రీ చల్లబడితే 4.2 కిలోజౌళ్ల వేడి వదులుతుంది. ఆ లెక్కన కొలను మొత్తం ఐదు డిగ్రీలు చల్లబడితే వచ్చే వేడి, కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే, పదహారు పదిహేడు యూనిట్లు. వినడానికి బాగానే ఉంది.

ఇక ఖర్చు వైపు చూడండి. మీ గ్రీన్‌హౌస్ గోడలూ కప్పూ కలిపి దాదాపు 60 చదరపు మీటర్లు ఉంటాయి. 8 మిల్లీమీటర్ల రెండు పొరల రేకు గుండా ప్రతి చదరపు మీటరుకూ, ప్రతి డిగ్రీ తేడాకూ సుమారు 3.3 వాట్లు బయటికి పోతాయి. బయట మైనస్ 15, లోపల 5 డిగ్రీలు ఉండాలంటే తేడా 20 డిగ్రీలు కాబట్టి, పోయేది 4 కిలోవాట్లు. పద్నాలుగు గంటల రాత్రికి 55 యూనిట్లు. సందుల్లోంచి దూరే గాలిని నేనింకా లెక్కలో వేయలేదు.

అసలు చిక్కు ఇక్కడ కాదు, వేడి బయటికి వచ్చే వేగంలో ఉంది. కొలను పైభాగం 3.7 చదరపు మీటర్లే. నీటికీ గాలికీ ఐదు డిగ్రీల తేడా ఉంటే అంత చిన్న పైభాగం నుంచి గదిలోకి వచ్చేది కొద్ది వందల వాట్లకు మించదు. గది నాలుగు వేల వాట్లు అడుగుతూ ఉంటే కొలను ఇచ్చేది ఇంతే. లోతు ఐదు అడుగులకు పెంచినా పైభాగం అదే కనుక ఆ రాత్రికి అందే వేడిలో చెప్పుకోదగ్గ మార్పు ఉండదు. మీరు అదనంగా తవ్వేది మట్టి, అదనంగా మోసేది మట్టి, అంతే.

పైగా ఆ కొద్దిపాటి వేడిలోనూ ఒక భాగం ఆవిరి రూపంలో పోతుంది. ఆవిరి వెళ్లి చల్లని రేకుకు తగిలి నీటి బొట్లుగా మారేటప్పుడు తన వేడిని రేకుకు ఇస్తుంది, రేకు దాన్ని బయటి చలికి అప్పగిస్తుంది. కరివేపాకుకు మిగిలేది తేమ.

డాలస్_మల్లెపందిరి (ఫిబ్రవరి 10)

కొలతబద్ద గారి లెక్కను కాదనను గానీ, లెక్కలో రాని విషయం ఒకటి ఉంది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో వచ్చిన మంచు తుపాను అందరికీ గుర్తుండే ఉంటుంది. ఫిబ్రవరి 16న డాలస్‌లో మైనస్ 2 ఫారన్‌హీట్, అంటే మైనస్ 19 సెల్సియస్ నమోదైంది. కరెంటు గంటల తరబడి లేదు. మా గ్రీన్‌హౌస్‌లో హీటరు ఉన్నా లేనట్టే అయింది. ఆ రాత్రి దూరపు మూలన ఉన్న తొట్లలో మొక్కలు నల్లబడి ఉడికిన ఆకుకూరలా వాలిపోయాయి. కొలను గట్టుకు ఆనించి, పైన పాత దుప్పటి కప్పి ఉంచిన మల్లెలు మాత్రం ఆకులు రాల్చినా కాండం పచ్చగానే నిలబడి, ఏప్రిల్‌లో మళ్లీ చిగిర్చాయి. కరెంటు పోయినా పనిచేసేది కొలను ఒక్కటే కదా. ఆ మాత్రం విలువ దానికి ఇవ్వాలి.

కొలతబద్ద (ఫిబ్రవరి 10)

ఒప్పుకుంటున్నాను, దానికి కారణం కూడా చెప్పవచ్చు. నీరు గడ్డకట్టేటప్పుడు లీటరుకు 334 కిలోజౌళ్లు వదులుతుంది. అరోరా గారి కొలను మీద ఒక్క అంగుళం మందాన మంచు పేరుకుంటే వచ్చే వేడి దాదాపు ఎనిమిది యూనిట్లు. కొలను నీరంతా దాదాపు రెండున్నర డిగ్రీలు చల్లబడితే వచ్చేంత అది. దుప్పటి కప్పడం వల్ల మీరు గది మొత్తాన్ని వదిలేసి నీటినీ నాలుగు తొట్లనూ మాత్రమే కాపాడారు. అప్పుడు ఆ కొద్ది వందల వాట్లే సరిపోయాయి. అరోరా గారికి నేను చెప్పదలచినదీ అదే: కొలనును గది మొత్తానికి హీటరుగా లెక్కవేయవద్దు, పక్కనున్న నాలుగు మొక్కలకు ఆసరాగా లెక్కవేయండి. షికాగోలో 2019 జనవరి 30 ఉదయం మైనస్ 31 సెల్సియస్ పడింది. అటువంటి రాత్రికి మీ గ్రీన్‌హౌస్ ఏడు కిలోవాట్లు అడుగుతుంది.

మిల్వాకీ_తామరదుంప (ఫిబ్రవరి 11)

తామర విషయం నేను చెబుతాను, ఎందుకంటే ఈ ప్రణాళికలో అందరికంటే ఎక్కువ నిరాశపరచేది అదే.

తామర చలికి మాత్రమే నిద్రపోదు. పగటి పొద్దు తగ్గితే అది కొత్త ఆకులు వేయడం మానుకొని, ఉన్న బలమంతా దుంపలోకి దించుకుంటుంది. డిసెంబరులో మన ప్రాంతంలో పగలు తొమ్మిది గంటలకు కాస్త పైన. ఆ తొమ్మిది గంటల్లోనూ సగం మబ్బు. ఇక మిగిలిన వెలుతురులో రెండు పొరల రేకు గుండా లోపలికి వచ్చేది ఎనభై శాతం. తామరకు రోజుకు కనీసం ఆరు గంటల నేరుటెండ కావాలి. కాబట్టి నీటిని ఎంత వెచ్చగా ఉంచినా మాఘమాసంలో తామర పూయదు. పూయించాలంటే పైన పెద్ద దీపాలు వేలాడదీయాలి. అంత ఖర్చుకు ఏడాది పొడవునా పూలు కొనుక్కోవచ్చు.

ఇంకో మాట. ఇల్లినాయ్ రాష్ట్రంలోనే, విస్కాన్సిన్ సరిహద్దు దగ్గర, ఫాక్స్ లేక్ పక్కన గ్రాస్ లేక్ అనే సరస్సు ఉంది. అక్కడ అమెరికా దేశవాళీ పసుపు తామర వేసవిలో విరగబూస్తుంది. పైన ఎంత మంచు కట్టినా అడుగు బురదలో దుంప గడ్డకట్టకుండా ఉంటే చాలు, దానికి గ్రీన్‌హౌస్‌తో పని లేదు. మన ఎర్ర తామర, తెల్ల తామర రకాలూ అంతే. వాటిని కన్నం లేని గుండ్రటి వెడల్పాటి తొట్టిలో నాటి, మే నెలలో ఆరుబయట ఎండలో పెట్టండి. జులై, ఆగస్టుల్లో పూస్తాయి. వరలక్ష్మీ వ్రతం సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తుంది కనుక పూజకు లోటు ఉండదు. ఆకులు ఎండిపోయాక అక్టోబరు చివర ఆ తొట్టిని తీసుకువచ్చి మీ లోపలి కొలను అడుగున దించండి. చలికాలంలో కొలను తామరకు చేయగల సేవ అదొక్కటే.

నాటేటప్పుడు రెండు జాగ్రత్తలు. దుంప కొనన ఉండే లేత మొలక అగ్గిపుల్ల కంటే సులువుగా విరుగుతుంది, అది విరిగితే ఆ దుంప చాలాసార్లు కుళ్లిపోతుంది. కాబట్టి మట్టిలో అడ్డంగా పడుకోబెట్టి, మొలకను మట్టి పైకి వదిలి, దుంప తేలిపోకుండా మీద ఒక చదునైన రాయి పెట్టండి. సంచుల్లో అమ్మే తొట్టి మట్టి వాడితే అది నీటిలో తేలుతుంది. జిగురు మన్నే వాడాలి. నీటిపై నిలువుగా లేచే ఆకులు వచ్చేదాకా ఎరువు జోలికి వెళ్లవద్దు.

అరోరా_పెరడు (ఫిబ్రవరి 11)

తామర గురించి ఇంత స్పష్టంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. అయితే లోపలి కొలనులో వేసవిలో ఏం పెంచాలి?

మిల్వాకీ_తామరదుంప (ఫిబ్రవరి 11)

ఉష్ణమండలపు కలువలు పెంచండి. నీరు 21 డిగ్రీలు దాటాక నాటితే గ్రీన్‌హౌస్ వెచ్చదనం వాటికి నిజంగా పనికివస్తుంది. బయటి కొలనులో కంటే ముందుగా మొదలై, ఆలస్యంగా ముగుస్తాయి. ఆకులు నీటి పైభాగాన్ని సగానికి పైగా కప్పితే నాచు కూడా అదుపులో ఉంటుంది. గుర్రపుడెక్క మాత్రం ఎవరు ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

చలికాలంలోనూ నీటిపూలు పూయించిన వారు లేకపోలేదు. 1849 నవంబరులో ఇంగ్లండులోని చాట్స్‌వర్త్‌లో, ఒక డ్యూక్ గారి ఎస్టేటులో, ఆయన తోటల అధికారి జోసెఫ్ పాక్స్‌టన్ అమెజాన్ నది నుంచి వచ్చిన రాక్షస కలువను గాజింట్లో పూయించాడు. ఆ కలువ కోసమే లండన్ క్యూ తోటలో 1852లో ప్రత్యేకంగా కలువల ఇల్లు కట్టారు. కానీ ఆ నీళ్లను వెచ్చగా ఉంచింది బాయిలర్లు. డ్యూక్ గారి ఖజానాకు కుదిరిన పద్ధతిని మన పెరటికి తెచ్చుకుంటే గ్యాసు బిల్లు చూసి మనమే వాడిపోతాము.

కోనసీమ_కాలువగట్టు (ఫిబ్రవరి 12)

అరోరా గారూ, చలి గురించి నాకు తెలియదు గానీ నీళ్లలో గుంత తవ్వడం గురించి తెలుసు. మా వైపు నాలుగడుగులు తవ్వితే ఊట కనిపిస్తుంది. అటువంటి చోట నీరు ఇంకకుండా రబ్బరు లైనరు పరచి కొలను కడితే, వానలకు ఊట పెరిగినప్పుడు లైనరు అడుగు నుంచి బుడగలా పైకి లేస్తుంది. పైన రాళ్లు పెట్టినా పక్కకు దొర్లించి మరీ లేస్తుంది. కొలనులో నీరు బయటి ఊట మట్టం కంటే ఎత్తులో ఉన్నంతవరకూ భయం లేదు. శుభ్రం చేయడానికి ఖాళీ చేసిన రోజే ప్రమాదం. మీ వైపు మంచు కరిగే రోజుల్లో నేల నిండా నీరు ఉంటుందని విన్నాను. కాబట్టి ముందు ఒక చిన్న గుంత తవ్వి, మంచు కరిగాక అందులో నీరు ఎంత లోతున నిలుస్తోందో కొన్నాళ్లు చూడండి. ఆ తరువాతే కొలను లోతు నిర్ణయించండి.

అరోరా_పెరడు (ఫిబ్రవరి 12)

ఇది నాకు అసలు తట్టని విషయం. మా బేస్‌మెంటు అడుగున గుంతలో (సంప్‌లో) చేరే ఊట నీటిని బయటికి తోడే సంప్ పంపు ఏప్రిల్ అంతా ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. పరీక్ష గుంత తప్పకుండా తవ్వుతాను.

కొలతబద్ద (ఫిబ్రవరి 12)

ఆ పరీక్ష గుంతకు కూడా ముందుగా, తవ్వకాల కోసమే ఉన్న 811 నంబరుకు ఫోన్ చేయండి. గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడ పోతున్నాయో వారే వచ్చి నేల మీద రంగుతో గుర్తులు వేసి వెళతారు, డబ్బులు తీసుకోరు. గ్రీన్‌హౌస్ స్తంభాల పునాది ఎంత లోతుకు వెళ్లిందో కూడా చెప్పండి.

అరోరా_పెరడు (ఫిబ్రవరి 13)

ఇక్కడి నిబంధన ప్రకారం 42 అంగుళాలు, నేల గడ్డకట్టే లోతు దాటేదాకా.

కొలతబద్ద (ఫిబ్రవరి 13)

అయితే మంచిది. కొలను అడుగు 30 అంగుళాల దగ్గర ఆగితే పునాది కాళ్ల కింది మట్టి కదలదు. మీ మిత్రుడి ఐదడుగుల కొలనుకు తవ్వి ఉంటే గుంత పునాది కంటే కిందికి పోయి, వానకు నానిన జిగురు మన్ను లోపలికి జారే అవకాశం ఉండేది. ఏమైనా గోడకూ గుంతకూ నడుమ కనీసం రెండడుగుల నేల వదలండి, నడవడానికైనా పనికివస్తుంది.

గుంత పక్కలకు రెండంగుళాల మందం గల గట్టి ఫోమ్ పలకలు నిలబెట్టండి. పలకలు నేల మట్టం నుంచి అడుగుదాకా ఉండాలి. అడుగున మాత్రం వేయవద్దు. మీ ప్రాంతంలో లోతు మట్టి ఏడాది పొడవునా పది డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. చలికాలంలో నీరు అంతకంటే చల్లబడినప్పుడు అడుగు మట్టి నుంచే దానికి కొంత వెచ్చదనం అందుతుంది. పైపక్కల మట్టి మాత్రం చలిని లాక్కొస్తుంది కాబట్టి అడ్డుకట్ట అక్కడ కావాలి.

శంషాబాద్_చేపలతొట్టి (ఫిబ్రవరి 14)

లైనరు కొలత గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. కొలను పొడవుకు రెండు లోతులు కలిపి, గట్ల మీద మడవడానికి రెండు వైపులా ఒక్కో అడుగు చేర్చాలి. మీ కొలనుకు పొడవు 8, లోతులు 5, గట్లు 2 కలిపి 15 అడుగులు, వెడల్పు అదే లెక్కన 12 అడుగులు. రబ్బరు లైనరు 45 మిల్, అంటే 1.1 మిల్లీమీటర్ల మందం ఉన్నదే తీసుకోండి, చేపలకు హాని చేయనిదని రాసి ఉన్నదే తీసుకోండి. ఇంటి కప్పులకు వేసే రబ్బరు చూడడానికి అలాగే ఉంటుంది గానీ కొన్నింటికి మందులు పూసి ఉంటాయి. కింద మెత్తటి ఫెల్టు పరచకుండా లైనరు వేయవద్దు.

మా ఇంట్లో షేడ్‌నెట్ కింద ఉన్నది సిమెంటు తొట్టి. సిమెంటు కొత్తలో సున్నం వదులుతూ నీటిని చేపలకు పనికిరాకుండా చేస్తుంది. అందుకే మా వైపు చాలామంది అరటి బోదె ముక్కలు వేసి నానబెట్టి, నీళ్లు మార్చి మార్చి పారబోశాకే చేపలు వదులుతారు. లైనరుకు ఆ బాధ లేదు. అయితే కుళాయి నీటిలోని క్లోరిన్‌ను విరిచే మందు కలపాలి. చేపలను ఒకేసారి కాకుండా ఒకటి రెండుగా వదలాలి. చేపల వ్యర్థంలోని అమ్మోనియాను హరించే సూక్ష్మజీవులు ఫిల్టరులో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

వేసవిలోనే చేపలకు అసలు గండం. 10 డిగ్రీల నీటిలో లీటరుకు 11 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. మూసిన గ్రీన్‌హౌస్ జులైలో ఎలా మండుతుందో మీకు తెలిసే ఉంటుంది. గాలి పంపు రాత్రిళ్లు తప్పకుండా నడవాలి, ఎందుకంటే చీకట్లో నాచు కూడా ఆక్సిజన్ తాగుతుంది. శీతకాలంలో నీరు 10 డిగ్రీల కంటే దిగితే మేత వేయడం మానేయండి, వాటికి అరగదు.

దోమల గురించి మీ ఇంట్లో ఎవరైనా ఆందోళన పడితే, గోల్డ్‌ఫిష్‌లు దోమపిల్లలను మిగల్చవని చెప్పండి. చేపలు చేరకముందు, దోమపిల్లలను చంపే బీటీఐ బిళ్లలు వేస్తే సరిపోతుంది. మా మున్సిపాలిటీ వారు చెరువుల్లో వదిలే, దోమపిల్లలను తినే గంబూసియా చేపలను మాత్రం అలంకారపు కొలనులో వేయను. తోటి చేపల తోకలు కొరుకుతాయి.

డాలస్_మల్లెపందిరి (ఫిబ్రవరి 14)

తేమ విషయం తేలికగా తీసుకోవద్దు. మా మల్లెలకు మొదటి చలికాలంలో మొగ్గలు బూడిదరంగు బూజు పట్టి రాలిపోయాయి. ఇప్పుడు సాయంత్రం కాగానే నీటి మీద బుడగల ప్లాస్టిక్ షీటు పరుస్తాము, చిన్న ఫ్యాను ఒకటి రాత్రంతా తిరుగుతుంది, ఎండ ఉన్న మధ్యాహ్నం కప్పు కిటికీ కాసేపు తెరుస్తాము. మొక్కలకు నీళ్లు ఉదయమే పోస్తాము.

నిర్వాహకులు (ఫిబ్రవరి 15)

రెండు భద్రతా విషయాలు చేర్చుతున్నాము. తడి చోట పంపు, ఫ్యాను, హీటరు అన్నింటికీ కరెంటు లీకైతే వెంటనే కోసేసే రక్షణ గల ప్లగ్గులే ఉండాలి. ఆ పని అర్హత గల ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. చిన్నపిల్లలు వచ్చిపోయే ఇల్లయితే నీటి మట్టానికి పైన, మనిషి బరువు ఆపగల గట్టి ఇనుప జాలీ అమర్చండి. కలువ ఆకులు దాని కళ్లలోంచి పైకి వస్తాయి. లోతు 24 అంగుళాలు దాటిన నీటికి కంచె, అనుమతి వంటి నిబంధనలు కొన్ని ఊళ్లలో వర్తిస్తాయి కనుక మీ నగర కార్యాలయంలో ముందుగానే అడగండి.

అరోరా_పెరడు (ఏప్రిల్ 21)

అందరికీ మళ్లీ నమస్కారం. పరీక్ష గుంత ఫలితం వచ్చింది. మంచు కరిగాక అందులో నీరు నేల మట్టానికి 22 అంగుళాల కింద నిలిచింది, వానలు కురిసిన వారంలో 20 దాకా ఎక్కింది. కాబట్టి కొలనును నేలలోకి 18 అంగుళాలే దించి, నేలపైన 12 అంగుళాల గట్టు సిమెంటు దిమ్మెలతో కట్టాలని నిర్ణయించాము. మొత్తం లోతు అనుకున్నట్టే 30 అంగుళాలు. గట్టు చుట్టూ బయటివైపు కూడా ఫోమ్ పలకలు వస్తాయి. కరివేపాకు తొట్లను దక్షిణపు గట్టుకు ఆనించి, చలిరాత్రులలో కొలనునూ వాటినీ కలిపి కప్పేలా పైన తీగ మీద జరిగే ప్లాస్టిక్ తెర కడుతున్నాము. మిగతా గదికి కరెంటు హీటరు వేరుగా ఉంటుంది. తామర తొట్టి మే నెలలో బయటికి వెళుతుంది. నగర కార్యాలయం వారు గట్టు ఎత్తు, జాలీ వివరాలు గీసి ఇమ్మన్నారు, ఇచ్చాము.

ఒక్క సందేహం మిగిలింది. గుంత అడుగున కంకర పరచి, కన్నాల పైపు వేసి, ఊట నీటిని ఇంటి సంప్‌లోకే కలిపేయవచ్చా?

కోనసీమ_కాలువగట్టు (ఏప్రిల్ 22)

కలపవద్దు. ఇంటి పంపు ఆగిన రోజు కొలను కింది ఊట నీరు కూడా మీ బేస్‌మెంటులోకే చేరుతుంది. గ్రీన్‌హౌస్ మూలన వేరే చిన్న గుంత తీసి, కొలను అడుగు కంటే అడుగున్నర లోతుగా, మూత ఉన్న ప్లాస్టిక్ పీపా ఒకటి దించండి. కన్నాల పైపును అందులోకి వాలుగా కలిపి, చిన్న పంపు పెట్టండి. పంపు నీళ్లు పొరుగువారి వైపు కాకుండా మీ పెరట్లోనే పల్లానికి పోవాలి. కొలను ఖాళీ చేయాల్సి వస్తే ముందు ఆ పీపా మూత తీసి చూసి, అందులో నీటి మట్టం కొలను అడుగు కంటే కిందికి దిగాకే పని మొదలుపెట్టండి.

శంషాబాద్_చేపలతొట్టి (ఏప్రిల్ 22)

గట్టు మీద లైనరు అంచును నీళ్లు నిండకముందే కోయవద్దు. నీటి బరువుకు మడతలు సర్దుకొని రెండు మూడు అంగుళాలు లోపలికి లాగుతుంది. నింపి రెండు రోజులు ఆగి, ఆ తరువాతే కత్తిరించి పైన రాళ్లు పేర్చండి.